కిన్నెర మీద రాసేవాళ్లు పాటించకూడని తొమ్మిది సలహాలు

పాలమూరులోనో నల్లగొండలోనో ఒక కిన్నెర కళాకారుడి మీద నాలుగు పేజీలు రాయాలనుకునే యువకుడికి సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. ఫోటో ఏ వైపు నుంచి తీయాలో, చదివేవాళ్లకు ఎక్కడ కళ్లు చెమర్చాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో అందరూ చెప్తారు. వాటిలో చాలావరకు మంచి మనసుతో చెప్పినవే. అయినా వాటివల్ల కిన్నెరకు నష్టమే జరిగింది. కిన్నెర వాయించేవాళ్ల కష్టాల మీద వార్తలు బోలెడన్ని వచ్చాయి. ఆ రోజు ఆ తీగ ఎలా పలికిందో, కథ ఎక్కడ పట్టు తప్పిందో చెప్పిన సమీక్ష మాత్రం కనబడటం అరుదు.

కిన్నెర అంటే వెదురు దండి, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, దండి మీద తేనెమైనంతో అతికించిన మెట్లు, వాటి మీదుగా సాగే తీగలు. పూసలు, అద్దాలు, నెమలి ఈకలు దాని సింగారం. మన దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో దీన్ని ముఖ్యంగా డక్కలివాళ్లు కాపాడుకొచ్చారు. ఈ వాయిద్యాన్ని న్యాయంగా విమర్శించాలంటే చేయాల్సిన పని ఒకటే. వాయించేవాడు ఏం చేయబోయాడో ముందు తెలుసుకోవాలి, తర్వాత అది ఎంతవరకు చేశాడో చెప్పాలి. కింద రాసిన తొమ్మిది సలహాలూ ఈ పనికి అడ్డొచ్చేవే. అందుకే ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

1. "శ్రుతి కలిసిందో లేదో ఫోన్లో యాప్ పెట్టి చూసుకో"

ఈ సలహా వినకండి. యాప్ చెప్పేది హార్మోనియం మెట్టుకు ఈ తీగ ఎంత దగ్గరగా ఉందన్న సంగతి మాత్రమే. కిన్నెర కళాకారుడు హార్మోనియం పక్కన పెట్టుకుని పాడడు. ఆయనకు శ్రుతి ఆయన గొంతే.

పైగా మెట్లు నిలబడేది మైనం మీద. మే నెల ఎండలో మైనం మెత్తబడితే మెట్టు కదలొచ్చు. సరస్వతీ వీణ మెట్లు కూడా మైనంలోనే కూర్చుంటాయి, కాబట్టి ఈ ఇబ్బంది జానపద వాయిద్యానికి మాత్రమే ఉన్న లోపం అనుకోవద్దు. కచేరీకి ముందు ఆయన మెట్లు ఒక్కొక్కటీ తాకి సరిచూసుకున్నాడా లేదా గమనించండి. అది ఆయన శ్రద్ధకు గుర్తు, రాయదగిన విషయం.

అపశ్రుతి అని రాసే ముందు రెండు పరీక్షలు పెట్టండి. మొదటిది, గొంతూ తీగా ఒకే చోట కలుస్తున్నాయా? కలిస్తే యాప్ ఏం చెప్పినా తప్పు లేదు. రెండోది, మీ చెవికి వింతగా తోచిన ఆ స్వరం ప్రతిసారీ అదే చోట పడుతోందా? పడుతుంటే అది ఆయన వరుసలో భాగం, ఆయన ఎంచుకున్నది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి జారుతుంటే అప్పుడది లోపం. అప్పుడు లోపమని నిక్కచ్చిగా రాయండి.

2. "వీణతో పోల్చి చూడు, తేడా తెలిసిపోతుంది"

తేడా తెలుస్తుంది, నిజమే. కిన్నెర గురించి మాత్రం ఏమీ తెలియదు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వీణ మీద ఒక్క మెట్టు దగ్గర తీగను లాగి పలికించిన గమకాలు విన్న చెవితో వచ్చి, ఇక్కడ అవి లేవని చిన్నబుచ్చుకోవడం న్యాయం కాదు. ఇరవై నాలుగు మెట్ల వీణ రాగాన్ని విస్తరించడానికి రూపుదిద్దుకుంది. పన్నెండు మెట్ల కిన్నెర కథను మోయడానికి రూపుదిద్దుకుంది.

కిన్నెర అంటే వీణ ఎదగక ఆగిపోయిన రూపం అన్న ఊహ కూడా ఈ పోలికలోనే దాక్కుని ఉంటుంది. గ్రంథాలు వేరే మాట చెప్తున్నాయి. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో కిన్నెరకు తనదైన చోటు ఉంది. చిన్న కిన్నెర, పెద్ద కిన్నెర అని భేదాలు చెప్పి, చిన్నదానికి పద్నాలుగు మెట్లు విధించాడాయన. ఓరుగల్లు కాకతీయుల కాలం నాటి మన పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది. కిన్నెర వాయించడమే ఆయన కాయకం. ఆ పని పేరే ఆయన ఇంటిపేరులా నిలిచిపోయింది. వీణ మెట్ల అమరిక గురించి విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాసింది 1550లో. అప్పటికే కిన్నెరకు శతాబ్దాల చరిత్ర ఉంది.

పోలిక కావాలంటే కిన్నెరను కిన్నెరతోనే పోల్చండి. అదే కళాకారుడు నిరుడు పాడిన కథతో పోల్చండి. పాట చరణం ముగిసిన చోట తీగ ఏం చేస్తోందో వినండి. గొంతు వదిలిన మాటను తీగ అందుకుని పూర్తి చేస్తోందా, లేక ఊపిరి తీసుకునే దాకా ఊరికే కాలం నింపుతోందా? మంచి కిన్నెరకూ మామూలు కిన్నెరకూ తేడా ఎక్కువగా తెలిసేది అక్కడే.

3. "రెండు నిమిషాల వీడియో చాలు, మిగతాదంతా అదే వరుస"

2021లో భీమ్లా నాయక్ సినిమా టైటిల్ పాట మొదట్లో దర్శనం మొగిలయ్య గొంతు, కిన్నెర వినబడినప్పుడు తెలుగువాళ్లందరూ ఉలిక్కిపడి విన్నారు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట మనిషి అంతమంది చెవిన పడటం గొప్ప విషయమే. కానీ అది ఒక పెద్ద కళకు గుమ్మం. గుమ్మం దగ్గరే నిలబడి ఇల్లు ఎలా ఉందో రాసేవాళ్లు ఎక్కువయ్యారు.

ఆయన పాడే పండుగ సాయన్న కథనే తీసుకోండి. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన పాలమూరు బందిపోటుగా జనం నోట నిలిచినవాడు సాయన్న. ఆ కథలో వీరత్వం ఉంది, వెటకారం ఉంది, చివర్లో ఏడుపు ఉంది. ఒకే వరుస మీద ఈ మూడూ నడవాలి. వరుస మారదు కాబట్టి తేడా అంతా నడకలో, ఒత్తులో, ఒక మాటను ఎంతసేపు పట్టి ఉంచాడన్న దానిలో చూపాలి. ఆ నేర్పు రెండు నిమిషాల్లో బయటపడదు. కథ మలుపు తిరిగే చోటికి వచ్చేదాకా కూర్చోండి. మలుపు దగ్గర తీగ వేగం మార్చాడా, ఒక్క క్షణం ఆపాడా, అసలు గమనించనట్టే సాగిపోయాడా? ఈ మూడింటిలో ఏది జరిగిందో రాస్తే అది సమీక్ష.

4. "పాతది పాతగానే ఉండాలి, మార్పు కనిపిస్తే తప్పుపట్టు"

ఇది సంప్రదాయం మీద ప్రేమలా కనిపిస్తుంది. ఆచరిస్తే మాత్రం సంప్రదాయం గొంతు నులిమేస్తుంది. కిన్నెర మెట్లకు పూర్వం అలుగు పొలుసులు వాడేవాళ్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో అలుగు ఉంది. దాన్ని చంపడం, దాని పొలుసులు దగ్గర పెట్టుకోవడం నేరం. ఇప్పుడు మెట్లు వేరేవాటితో చేసుకుంటే దాన్ని కల్తీ అనడం దయలేని మాట, తెలివిలేని మాట. శార్ఙ్గదేవుడి కాలంలోనే మెట్టుకు ఒకే పదార్థం అన్న నియమం లేదు. ఎముకతోనైనా లోహంతోనైనా చేయొచ్చన్నాడు.

మార్పును చూసినప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ మార్పు వల్ల శబ్దం ఏమైంది? మెట్టు గట్టిపడితే తీగ పలుకు పదునెక్కుతుందా, బుర్ర నాదంలో గాంభీర్యం తగ్గుతుందా? మైకును బుర్ర దగ్గర పెట్టారా, గొంతు దగ్గర మాత్రమే పెట్టారా? చాలా వేదికల మీద మైకు గొంతుకే ఉంటుంది. కిన్నెర వెనకబడిపోతుంది. ఆ తప్పు కళాకారుడిది కాదు, నిర్వాహకుడిది. సమీక్షలో ఆ తప్పును నిర్వాహకుడి పేరుకే తగిలించాలి.

పాత నల్లగొండ జిల్లా సుద్దాలకు చెందిన హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథల వరుసల్లో రైతాంగ పోరాటం మాటలు నింపారు. వరుస పాతది, మాట కొత్తది. పాత కథే పాడాలని ఎవరైనా ఆయన్ను నిలదీసి ఉంటే మనకు ఆ పాటలు ఉండేవి కావు.

యూరప్‌లోనూ ఇదే తగువు జరిగింది. నాలుగు వందల ఏళ్లనాటి ల్యూట్ అనే తీగ వాయిద్యాన్ని 20వ శతాబ్దంలో జూలియన్ బ్రీమ్ అనే ఇంగ్లండ్ గిటారిస్టు మళ్లీ వేదిక ఎక్కించారు. ఆయన గిటారు పద్ధతిలోనే గోళ్లతో మీటేవారు. తర్వాతి తరం పాత గ్రంథాలు చదివి, తేలికైన ల్యూట్లు చేయించుకుని, వేలి కండతో మీటడం నేర్చుకుంది. బ్రీమ్ పద్ధతి పాతకాలపు పద్ధతి కాదన్న మాట నిజం. ఆయన వల్లే వేలమంది ఆ సంగీతం మొదటిసారి విన్నారన్నదీ నిజం. ఈ రెండు నిజాలనూ ఒకే పేజీలో రాయగలిగినవాడే న్యాయమైన విమర్శకుడు.

5. "వాళ్లకు శాస్త్రం తెలియదు, నీకు తోచింది రాసెయ్"

శాస్త్రం సంస్కృతంలోనే ఉండాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. కిన్నెర చేసే మనిషికి ఏ కాయ ఎండితే ఏ నాదం వస్తుందో తెలుసు. దండికి ఏ వెదురు కోయాలో తెలుసు. మైనం ఎంత పెట్టాలో, మెట్టుకూ మెట్టుకూ ఎంత ఎడం ఉండాలో వేలికి తెలుసు. అడిగితే చెప్తారు. అడిగే ఓపిక మనకే ఉండాలి.

"మీకు ఈ పాటలో కష్టమైన చోటు ఏది?" అని అడగండి. "మీ నాయన ఇక్కడ ఎట్ల వాయించేటోడు?" అని అడగండి. "ఎవరైనా తప్పు వాయిస్తే మీకు ఎట్ల తెలుస్తుంది?" అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో ఆ కళకు సంబంధించిన విమర్శ సూత్రాలన్నీ ఉంటాయి. వాటినే ఆధారం చేసుకుని రాయండి. బిరుదురాజు రామరాజు గారి తెలుగు జానపద గేయసాహిత్యం పుస్తకంగా వచ్చింది 1958లో. జనం పాటను పండితులు చదవాల్సిన విషయంగా అంతకుముందే ఆయన ఉస్మానియాలో నిలబెట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా తోచింది రాసేస్తే ఆ కృషిని కాలదన్నినట్టే.

6. "సంగీతం గురించి రాయి, కులం ఊసెత్తకు"

డక్కలివాళ్లు మాదిగలను ఆశ్రయించి బతికిన ఆశ్రిత కులం. మాదిగవాడకు వెళ్లి జాంబపురాణం చెప్పడం, వాళ్లిచ్చింది తీసుకోవడం వాళ్ల వృత్తి. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవ ముని సంతతి తామని చాటే కథ అది. ఊరు తక్కువగా చూసిన మనుషులకు మీరే అందరికంటే మొదటివాళ్లని చెప్పే పురాణం. పాడేవాడు ఎవరో, వినేవాళ్లు ఎవరో తీసేస్తే ఆ గొంతులోని ఠీవికి కారణమే అర్థం కాదు. గొంతు ఎక్కడ పెంచాలో, ఎవరి పేరు దగ్గర ఆగాలో నిర్ణయించేది ఆ సంబంధమే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కథను తరతరాలుగా విన్న మాదిగవాడ పెద్దలే ఈ కళకు మొదటి విమర్శకులు. ఏ ఘట్టం వదిలేశాడో, ఏ పేరు తప్పు చెప్పాడో వాళ్లు ఇట్టే పడతారు. రవీంద్రభారతి ముందు వరుసలో కూర్చున్నవాళ్లకంటే వాళ్ల మాటకు విలువెక్కువ. సమీక్ష రాసేవాడు కథ అయ్యాక వాళ్ల పక్కన కూర్చోవాలి, వాళ్ల మాటను వాళ్ల మాటగానే రాయాలి.

7. "బుర్ర ఉన్నదల్లా ఒకటే, పేరు ఏదైనా పరవాలేదు"

పరవా ఉంది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప వాయించేది బుర్రవీణ. ఆయనకు 2024లో పద్మశ్రీ వచ్చింది. శారదకాండ్రు పట్టేది శారద. బుర్రకథ చెప్పేవాళ్లు భుజానికెత్తుకునేది తంబుర. శారద, తంబుర ప్రధానంగా శ్రుతి నిలబెడతాయి. మెట్లున్న కిన్నెర వరుసనే పలికిస్తుంది. శ్రుతి నిలబెట్టే వాయిద్యంలో వరుస లేదని నిందించడం, వరుస పలికించేదాన్ని శ్రుతికే పరిమితం చేసి మెచ్చుకోవడం, రెండూ అన్యాయమే.

మనుషుల పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కిన్నెర దర్శనం మొగిలయ్య పాలమూరు మనిషి. బలగం సినిమా చివరి పాటతో అందరినీ ఏడిపించి, 2024 డిసెంబరులో కన్నుమూసిన పస్తం మొగిలయ్య వరంగల్ వైపు బుడగజంగం కళాకారుడు. ఒకరి ఫోటో కింద ఇంకొకరి జీవితం రాస్తే అది అచ్చుతప్పుతో పోయేది కాదు. ఇద్దరి కళనూ వినలేదని ఒప్పుకున్నట్టే.

8. "చివరి కళాకారుడు అని పెట్టు, బాగా చదువుతారు"

చదువుతారు. ఆ శీర్షిక వల్ల పక్క మండలంలో కిన్నెర పట్టుకున్న మనిషి లేనివాడైపోతాడు. తండ్రి దగ్గర నేర్చుకుంటున్న కొడుకు లెక్కలోకి రాడు. నిర్వాహకులు ఆ ఒక్క పేరునే పిలుస్తారు. విమర్శకూ దెబ్బే. పోల్చడానికి రెండోవాడు లేడని తేల్చేశాక, ఈయన బాగా వాయించాడా అన్న ప్రశ్నకు చోటే ఉండదు. చివరివాడు ఏం వాయించినా గొప్పే అవుతుంది.

ఆ మాట రాయాలనిపిస్తే ముందు లింగాల, అమ్రాబాద్, కొల్లాపూర్, దేవరకొండ వైపు డక్కలి కుటుంబాల్లో అడిగి రండి. ఇంకొకరు దొరికితే ఇద్దరినీ విని, ఇద్దరి పేర్లూ రాయండి. ఒకే కథ ఇద్దరూ ఎలా చెప్పారో రాయండి. ఆ కళ బతికి ఉందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

9. "పాపం పేదవాడు, తప్పు చెప్పకు"

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇది. ఎందుకంటే ఇది చెప్పేవాళ్లు మంచివాళ్లు, వినేవాళ్లూ మంచివాళ్లే.

పేదరికం నిజం. దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం ఆయన జీవితాన్ని బడి పుస్తకంలో పాఠంగా పెట్టింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ పనికి కూలీగా వెళ్తున్నారని పత్రికల్లో వచ్చింది. అది చదివి కోపం రానివాడు ఈ విషయం మీద కలం పట్టకపోవడమే మంచిది. ఆ కోపాన్ని పింఛన్లు మంజూరు చేసే కార్యాలయం మీద, బిరుదులిచ్చి మరిచిపోయే వేదికల మీద, పాట వాడుకుని పారితోషికం సరిగా ఇవ్వనివాళ్ల మీద పెట్టండి. పేర్లతో, అంకెలతో గట్టిగా రాయండి. దానికి వేరే వ్యాసం కావాలి.

సమీక్షలోకి ఆ జాలి వచ్చిందంటే, ఇది బాగుందా బాగాలేదా అన్న విచక్షణకు ఈ మనిషి తగడని మనమే తేల్చేసినట్టు. చెన్నైలో కచేరీ చేసిన వైణికుడి మీద మర్నాడు పత్రికలో "తోడిలో మధ్యమం తేలిపోయింది" అని రాస్తారు. ఆయన కళ మీద గౌరవంతోనే రాస్తారు. కిన్నెర మీద మాత్రం "మట్టి పరిమళం", "పల్లె గుండె చప్పుడు" అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ మాటలు ఎవరి గురించైనా రాయొచ్చు. వినకుండా కూడా రాయొచ్చు. మెచ్చుకోలు వేషంలో వచ్చిన చిన్నచూపు అది.

తప్పు చెప్పడానికి ఒక మర్యాద ఉంది. ఆ రోజు జరిగిందే చెప్పాలి, మనిషి మీద తీర్పు ఇవ్వకూడదు. "సాయన్న పట్టుబడే ఘట్టంలో తీగ వేగం తగ్గలేదు, అందువల్ల దుఃఖం నిలవలేదు" అని రాస్తే వాయించినవాడికి పనికొస్తుంది. "ఈయనలో పస తగ్గింది" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. వయసు వల్ల గొంతు తగ్గితే ఆ మాట చెప్పి, తగ్గిన గొంతుకు తగ్గట్టు తీగను ఎలా ముందుకు తెచ్చారో కూడా చెప్పండి. అది గమనించగలిగితే మీకు వినడం వచ్చినట్టే. పది నిమిషాలే ఇచ్చిన వేదిక మీద కథ కుదించాల్సి వస్తే, ఏది ఉంచారో ఏది వదిలారో చూడండి. ఆ ఎంపికలో కూడా కళ ఉంది.

ఇక చేయాల్సినవి కొన్నే. ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు, ఏ కథ, ఎంతసేపు పాడారో మొదటి పేరాలోనే రాయండి. మెట్లు ఎన్ని, దేనితో చేశారు, బుర్రలు ఎన్ని అన్నది చూసి రాయండి. తర్వాత పాడేవాళ్లకు ఆ వివరాలు కావాలి. గొంతూ తీగా ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో ఒక్కో ఉదాహరణ ఇవ్వండి. మీకు అర్థం కాని చోటు ఉంటే ఆయన్నే అడిగి, ఆయన చెప్పింది చేర్చండి. అచ్చుకు పంపే ముందు రాసిందంతా ఆయనకు చదివి వినిపించండి. ఆయన కాదన్న చోట మళ్లీ ఆలోచించండి. ఆలోచించాక కూడా మీ చెవికి విన్నదే నిజమనిపిస్తే మీ మాటను ఉంచి, ఆయన అభ్యంతరాన్ని పక్కనే రాయండి. ఆయన ఎదురుగా కూర్చుని చదవలేని వాక్యం ఉంటే, అది తిట్టయినా పొగడ్తయినా, కొట్టేయండి.